పరీక్ష తప్పింది నా విశ్వాసం చాలకేనా?

బెంగళూరు మడివాళలోని ఒక పీజీలో ఉంటూ, హొసూరు రోడ్డు వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న 27 ఏళ్ళ పాఠకురాలు మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. సొంతూరు ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చదివారు. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి కావలసిన లైసెన్సు కోసం పాసవ్వాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షను ఈ ఏడాది మొదట్లో రాసి తప్పారు. కోచింగు, దరఖాస్తులు, ఫీజుల కోసం వాళ్ళ నాన్నగారు రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చారు. అమ్మగారు తమ చర్చి సంఘంలో అందరికీ చెప్పి ప్రార్థనలు పెట్టించారు, 21 రోజులు ఒంటిపూట ఉపవాసం ఉన్నారు. చివరి మూడు రోజులూ తల్లీకూతుళ్ళిద్దరూ నీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. పరీక్షకు రెండు రోజుల ముందు వరకూ ఈమెకు నైట్ డ్యూటీలే. మూడో గంటకు చేతులు వణికి, చదివిన వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదవవలసి వచ్చిందని, 150 ప్రశ్నలూ పూర్తయ్యాక బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయానని రాశారు.

ఆ తర్వాత ప్రార్థన గుంపులోని ఒక పెద్దావిడ, "నీలో ఎక్కడో అవిశ్వాసం ఉంది, అందుకే దేవుడు ఆపాడు" అన్నారట. ఒకే గదిలో ఉండే స్నేహితురాలు గుడికీ చర్చికీ వెళ్ళదు, ఆమె 85 ప్రశ్నలకే గట్టెక్కింది. ఇప్పుడు రెండోసారి రాసే ముందు 40 రోజులు ఉపవాస ప్రార్థన చేద్దామని అమ్మగారు పట్టుబడుతున్నారు. మూడు నెలల్లో పాసు కాకపోతే అవకాశం పోతుందని ఏజెంటు తొందరపెడుతున్నాడు. ఈమె మాత్రం, ఈసారి తప్పితే ఇది దేవుని చిత్తం కాదనుకుని శాశ్వతంగా మానేస్తానని దేవునికే మాట ఇచ్చుకున్నారు. "ఉపవాసం మానేస్తే దేవుణ్ణి నమ్మనట్టా? ఉద్యోగం మానేసి ఊరెళ్ళి చదువుకోనా? ఇంకోసారి తప్పితే అమ్మ ముఖం ఎలా చూడను?" అని అడుగుతున్నారు.

అమ్మా,

పరీక్ష ఎందుకు తప్పింది, దేవుని ముందు నేనెక్కడున్నాను, ఇకముందు ఏ దారిన నడవాలి అనే మూడు ప్రశ్నలు మీ ఉత్తరంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. మొదటి ప్రశ్నకు జవాబును రెండోదానిలో వెతుకుతున్నారు కాబట్టే మీకు ఊపిరాడడం లేదు. అందుకని వాటిని విడదీసి, పరీక్షతోనే మొదలుపెడతాను.

మీ దినచర్యను మీరే గంటలవారీగా రాశారు. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా డ్యూటీ. హ్యాండోవర్ ముగించుకుని గదికి చేరేసరికి తొమ్మిదిన్నర. పది నుంచి ఒంటిగంట వరకు ఆన్‌లైన్ క్లాసు. అన్నం తిని, బట్టలు ఉతుక్కుని రెండింటికి నడుం వాలిస్తే కింద వంటగదిలో మిక్సీ చప్పుడు. ఆరింటికి లేచి మళ్ళీ బస్సు. అంటే నిద్ర నాలుగు గంటలు, అదీ తెరిపి లేకుండా పట్టిన నిద్ర కాదు. ఇది వారమో రెండు వారాలో కాదు, నెలల తరబడి సాగింది. పగలు చదివినది మెదడులో స్థిరపడే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుందని మీకు చెప్పనక్కరలేదు, అది మీరు చదువుకున్న శాస్త్రమే. ఇంత అలసటకు మూడు రోజుల నిరాహారం తోడైంది. ఆపైన రాత్రులు మేలుకోవడానికి అలవాటుపడిన శరీరాన్ని రెండే రోజుల్లో పగటికి తిప్పి, ఐదు గంటల పరీక్షకు కూర్చోబెట్టారు. ఈ స్థితిలో ఉన్న రోగి ఎవరైనా ముఖ్యమైన కాగితం మీద సంతకం పెడతానంటే మీరు పెట్టనిస్తారా? రేపు పెట్టుకోవచ్చని ఆపుతారు కదా.

ఇంత జరిగినా ఆ పరీక్ష మీ గురించి చెప్పిన మాట ఒకటి ఉంది, దాన్ని మీరు గమనించలేదు. ఎన్‌క్లెక్స్ అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చే పరీక్ష కాదు. మీరు ఇచ్చిన ప్రతి జవాబునూ బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త విధానంలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు ఉంటాయి. అభ్యర్థి ఉత్తీర్ణత గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంతో తేలిన క్షణాన అది ఆగిపోతుంది. మీ స్నేహితురాలికి 85 దగ్గర ఆగిందంటే ఆమె గీతకు స్పష్టంగా పైన ఉందని అర్థం. అదే 85 దగ్గర ఆగి తప్పినవాళ్ళూ ఉంటారు. మీ పరీక్ష 150 దాకా సాగిందంటే మీరు పైనో కిందో చివరిదాకా తేలలేదని, గీతను ఆనుకునే నడిచారని అర్థం. ఆకలితో, నిద్రలేమితో కూర్చున్నా అంత దగ్గరగా వెళ్ళిన మనిషిని దేవుడు ఆపాడని అనగలిగే ఆధారం నాకు ఎక్కడా కనబడలేదు.

తప్పినవారికి పంపే పనితీరు నివేదికను ఒక్కసారి తెరిచి మూసేశానని, మళ్ళీ చూడాలంటే భయమేస్తోందని రాశారు. దయచేసి తెరవండి. ఏ విభాగంలో గీతకు పైన ఉన్నారో, దగ్గరలో ఉన్నారో, కింద ఉన్నారో అందులో వరుసగా ఉంటుంది. మందుల విషయంలో దగ్గరలో, సంరక్షణ నిర్వహణలో కింద అని మీకు గుర్తున్నంతలో రాశారు. మన ఆసుపత్రుల్లో పనిచేసిన చాలామంది నర్సులు తడబడేది సరిగ్గా అక్కడే. ఇక్కడ వార్డులో ఇంజెక్షను మొదలు పక్క దుప్పటి దాకా నర్సే చూసుకుంటుంది, నిర్ణయం డాక్టరుది. అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కింద ప్రాక్టికల్ నర్సు, ఆమె కింద సహాయకులు ఉంటారు. నలుగురు రోగుల్లో ముందు ఎవరిని చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించవచ్చు, ఏది ఎన్నటికీ అప్పగించకూడదు అన్నది ఆ పరీక్ష పదే పదే అడుగుతుంది. మీకు తెలివి చాలక తప్పలేదమ్మా, మీరు ఎన్నడూ నిలబడని స్థానంలో నిలబడి ఆలోచించమన్నారు, అంతే. దానికి ఆ రకం ప్రశ్నలే రోజూ కొన్ని చేసి, తప్పిన ప్రతిదానికీ కారణాన్ని మీ సొంత మాటల్లో రాసుకోవడం మందు. కోచింగులో రోజుకు 200 ప్రశ్నలు చేయమన్నారని రాశారు. 60 చేసి, వాటి వివరణలు పూర్తిగా చదివితే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ అసలు బాధ దగ్గరికి వస్తాను. నేను బోధకుణ్ణి కాను, మీ సంఘం కాపరి చెప్పవలసిన మాట నేను చెప్పబోను. కానీ మీ ఇంట్లో రోజూ తెరిచే గ్రంథంలోనే ఉన్న ఒక సంగతిని మాత్రం గుర్తుచేస్తాను. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త అలసిపోయి, భయపడి, ఇక చాలు నా ప్రాణం తీసుకో అని ప్రార్థించి బదరీవృక్షం కింద నిద్రపోతాడు. దేవదూత వచ్చి అతని అవిశ్వాసాన్ని ఎత్తిచూపలేదు. తట్టి లేపి, తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు తలదగ్గర ఉన్నాయి. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు, ఎందుకంటే ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదట. ఆ భోజనం బలంతోనే అతడు 40 పగళ్ళు, 40 రాత్రులు హోరేబు కొండ దాకా నడిచాడు. మీ అమ్మగారు 40 రోజుల ఉపవాసం అంటున్నారు గనుక ఈ 40 రోజుల కథ మీరిద్దరూ కలిసి చదువుకుంటే బాగుంటుంది.

కోచింగు మీద ఆధారపడటం అవిశ్వాసమా అని కూడా అడిగారు. అదే గ్రంథంలో రోజుకు మూడుసార్లు మోకాళ్ళూనిన దానియేలు, బబులోనులో కల్దీయుల విద్యను, భాషను మూడేళ్ళ పాటు నేర్చుకునే ఏర్పాటులోనే పెరిగాడు. అతని ప్రార్థన గురించి చెప్పినంతగా ఆ మూడేళ్ళ చదువు గురించి మనం చెప్పుకోము.

మీ ఉత్తరంలో మీరు మాట వరసకు రాసిన ఒక సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కిందటి నెల మీ వార్డులో ఉపవాసం ఉన్న ఒక పెద్దాయనకు చెమటలు పట్టి, మాట తడబడితే మీరు వెంటనే గ్లూకోమీటరుతో చూశారు, రక్తంలో చక్కెర 58కి పడిపోయి ఉంది. ఉపవాసం చెడుతుందని ఆయన భార్య అడ్డుపడితే, "ముందు ఇది తాగనీయమ్మా, దేవుడు కోప్పడడు" అని చెప్పి, 15 గ్రాముల చక్కెర కలిపిన నీళ్ళు తాగించారు. పావుగంట ఆగి మళ్ళీ చూశారు. ఆ మాట చెప్పినప్పుడు మీరు విశ్వాసం లేని మనిషి కాదు. ఆయన దేవుడి గురించి మీకు అంత నమ్మకంగా తెలిసినది, మీ దేవుడి విషయంలో మీకే చెప్పుకోలేకపోతున్నారు.

నేను ఉపవాసం మానేయమని చెప్పడం లేదు. దాన్ని ఎప్పుడు, ఎంత చేయాలన్నది తేల్చుకోమంటున్నాను. ఒక పద్ధతి, మీరు ఉపవాసాన్ని సెలవు రోజులకు పరిమితం చేసి, మధ్యాహ్నం వరకు మాత్రమే ఉండి, పరీక్షకు కనీసం వారం ముందే ముగించడం. దీనివల్ల ఆచారం నిలుస్తుంది, ఒంటికి పెద్దగా నష్టం ఉండదు. అయితే అమ్మగారికి ఇది తక్కువ చేసినట్టు అనిపించవచ్చు. ఇంకొక పద్ధతి, పరీక్ష అయ్యేదాకా అన్నం మానకుండా, ఫోనులో రీల్స్ చూడటాన్ని దేవుని కోసం వదులుకుని, ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వడం. మీరు రాత్రి గంటకు పైగా అలా గడిచిపోతోందని రాశారు గనుక ఇది అన్నం మానడం కంటే మీకు కష్టమైన ఉపవాసమే అవుతుందనుకుంటాను. మూడోది, ఫలితం ఏదైనా సరే, పరీక్ష తర్వాత కృతజ్ఞతగా ఉపవాసం ఉంటానని ఇప్పుడే నిర్ణయించుకోవడం. మీరు ఏది ఎంచుకున్నా, పరీక్ష ముందు వారంలో, నైట్ డ్యూటీ రోజుల్లో కడుపు మాడ్చుకోవడం మాత్రం మీకూ, మీ చేతిలో ఉన్న రోగులకూ క్షేమం కాదు.

అమ్మగారి సంగతి ఇంతకంటే అత్యవసరం. ఆమెకు 54 ఏళ్ళు, షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నారని ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. తిన్నా తినకపోయినా ఆ మాత్ర చక్కెరను దించుతుంది. అది వేసుకుంటూ నీళ్ళ మీద మూడు రోజులు ఉండటం ఎంత ప్రమాదమో మీ వార్డులో ఏ తల్లికైనా మీరే చెబుతారు. మొదటిసారి ఏమీ కాలేదు కాబట్టి రెండోసారీ కాదనుకోకండి. డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దని ఆమెకు కూతురుగా చెప్పలేకపోతే నర్సుగా చెప్పండి. "అమ్మా, నువ్వు ఊళ్ళో పడిపోయావని ఫోనొస్తే నేను ఏ పరీక్షా రాయలేను, నా కోసం ఏమైనా చేయాలనుకుంటే రెండు పూటలా తిని, నేను పరీక్షకు వెళ్ళే రోజున నాతో ఫోనులో ప్రార్థన చెయ్యి" అని అడిగి చూడండి. ఆమెకు చేయడానికి ఏదో ఒక పని కావాలి. ఇన్నాళ్ళూ ఆమె దగ్గరున్నది ఉపవాసం ఒక్కటే. వేరొకటి ఇస్తే ఆమె దాన్ని కూడా అంతే శ్రద్ధగా చేస్తారు.

ఇక ముందుదారి. మీ ముందు నాకు నాలుగు దారులు కనబడుతున్నాయి, ఏదీ నష్టం లేనిది కాదు.

ఏజెంటు చెప్పినట్టు వెంటనే రాయడం మొదటిది. ఒకసారి తప్పాక మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. ఖర్చు మళ్ళీ మొదటి నుంచీ అవుతుంది. రిజిస్ట్రేషనుకు 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు మరో 150 డాలర్లు, పైన పన్ను. అదే డ్యూటీ, అదే నిద్రతో వెళితే ఫలితం మారుతుందని ఆశించడానికి నాకు కారణం కనబడదు. ఏజెంటు చెప్పే మూడు నెలల గడువు దేనిదో లిఖితపూర్వకంగా అడగండి. అది పరీక్ష అనుమతి పత్రం గడువా, లైసెన్సు బోర్డు దరఖాస్తు గడువా, లేక అతని కంపెనీ లెక్కల కోసం పెట్టుకున్నదా? మొదటి రెండూ నిజమైన గడువులు, వాటిని మీరే నేరుగా సరిచూసుకోవచ్చు. ఒక సంగతి మాత్రం అతను మీకు చెప్పినట్టు లేదు. ఈ పరీక్ష పాసైనా, భారతదేశంలో పుట్టిన నర్సులు గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా నిలబడే ఈబీ-3 అనే ఉద్యోగ వర్గం వరుస ఈ మధ్య సంవత్సరాలలో దశాబ్దానికి పైగా వెనకబడి నడుస్తోంది. అంత పొడవైన వరుసలో చేరబోయేవారికి ఒక మూడు నెలలు ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు. మీ పెళ్ళి, నాన్నగారి అప్పు, చెల్లెలి చదువు ఇవన్నీ అమెరికా జీతం మీద లెక్కవేసుకుని ఉంటే, ఆ లెక్కను ఇప్పుడే ఇంట్లో కూర్చుని మళ్ళీ వేసుకోవలసి ఉంటుంది. ఇది చేదు మాటే, కానీ అప్పు పెరగకముందే తెలియడం మంచిది.

ఉద్యోగంలోనే ఉండి, నైట్ డ్యూటీలు తగ్గించమని నర్సింగ్ సూపరింటెండెంటును అడిగి, నాలుగైదు నెలల సమయం తీసుకోవడం రెండోది. నైట్ అలవెన్సు పోతుంది, ఇన్నేళ్ళు మానకుండా పనిచేస్తానన్న బాండును పొడిగించమని ఆసుపత్రివాళ్ళు అడగవచ్చు, అడిగితే సంతకం పెట్టే ముందు ప్రతి షరతూ చదవండి. విదేశానికి ప్రయత్నిస్తున్నారని ఇంకా ఎవరికీ చెప్పలేదన్నారు. ఆరోగ్య కారణం చెప్పినా చాలు, అది అబద్ధం కాదు. ఈ దారిలో జీతం ఆగదు, వడ్డీ నెలకు ఆరు వేలు కట్టడం సాగుతుంది, ఐసీయూ అనుభవంలో ఖాళీ రాదు. వాళ్ళు కుదరదంటే, నైట్‌లు వరుసగా పెట్టి ఆఫ్‌లు కలిసివచ్చేలా రోస్టరు వేయమనైనా అడగవచ్చు. ఒక రోజు రాత్రి, ఒక రోజు పగలు మారుతూ ఉండే రోస్టరు కంటే అది శరీరానికి నయం.

ఉద్యోగం మానేసి ఊరెళ్ళడం మూడోది. అక్కడ మిక్సీ చప్పుడు ఉండదు, అమ్మ చేతి అన్నం ఉంటుంది, నిద్ర ఉంటుంది. కానీ వడ్డీ నాన్నగారి మీద పడుతుంది. విదేశీ ఆసుపత్రులు ఇటీవలి అనుభవం అడుగుతాయి గనుక ఖాళీ ఎక్కువైతే ఇబ్బంది. అన్నిటికీ మించి, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక "ఏమైందమ్మా" అని అడిగేవాళ్ళ మధ్య మీరు చదవాలి. మీ ఉత్తరం చదివితే మీకు ఆ ప్రశ్నలే ఎక్కువ బరువనిపించింది. మధ్యేమార్గంగా, ఉద్యోగం వదలకుండా చివరి నెల జీతం లేని సెలవు పెట్టడం గురించి ఆలోచించండి.

నాలుగోది, ఈ ప్రయత్నాన్ని కొంతకాలం పక్కన పెట్టడమో, వేరే దేశం చూసుకోవడమో. గల్ఫ్ దేశాల్లో నర్సు లైసెన్సు కోసం రాసే ప్రోమెట్రిక్ పరీక్షలకు మీతో చదివినవాళ్ళు వెళుతున్నారని మీరే రాశారు. ఇదే ఎన్‌క్లెక్స్‌ను కెనడా, ఆస్ట్రేలియాలు కూడా అడుగుతాయి గనుక ఇప్పుడు చదివినది వృథా పోదు. ఇది ఓడిపోవడం కాదు, కానీ కోపంలోనో అవమానంలోనో తీసుకునే నిర్ణయం మాత్రం కాకూడదు.

నన్ను అడిగితే, రెండో దారికి చివరి నెల సెలవు జోడించడం వైపు నేను మొగ్గుతాను. అయితే మీ ఇంటి అప్పు, మీ ఆసుపత్రి మనుషులు నాకంటే మీకే బాగా తెలుసు.

ఏ దారిన వెళ్ళినా నిద్ర విషయంలో రాజీ పడకండి. నైట్ డ్యూటీ ముగిసిన ఉదయం ఎండ కళ్ళలో పడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గదికి రాగానే ఏదైనా తేలిగ్గా తిని, ముందు పడుకోండి. క్లాసు రికార్డింగు సాయంత్రం లేచాక చూడవచ్చు. తెల్లవారుజామున మూడు గంటలకు తాగే కాఫీలో సగం ప్రభావం ఎనిమిదింటికి కూడా ఒంట్లో ఉంటుంది గనుక అర్ధరాత్రి దాటాక కాఫీ వద్దు. మిక్సీ చప్పుడుకు చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ప్లగ్గులు మందుల షాపులోనే దొరుకుతాయి, కిటికీకి ఒక నల్ల గుడ్డ చాలు. డ్యూటీ లేని సాయంత్రాలు మడివాళ చెరువు చుట్టూ అరగంట నడిచే అలవాటు ఉండేదని, పరీక్ష కోసం మానేశానని రాశారు. అది మళ్ళీ మొదలుపెట్టండి. పీజీ భోజనంలో పప్పు పలచగా ఉంటుందన్నారు, గదిలో ఉడికించిన గుడ్లో, వేయించిన శనగలో, పెరుగో ఉంచుకోండి. ప్రార్థనకు పెద్ద సమయం దొరకదని బాధపడకుండా, చదువుకు కూర్చునే ముందు ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు పెట్టుకోండి. పుస్తకం తెరిచినప్పుడు గుండె దడదడలాడుతోందని రాశారు కదా, ఆ ముందటి ఐదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీస్తూ, మీకు కంఠతా వచ్చిన కీర్తనను మెల్లగా చెప్పుకుంటే దడ తగ్గుతుంది.

పరీక్ష రోజున విరామం తీసుకుంటే ఆ సమయం ఐదు గంటల్లోంచే పోతుందని కిందటిసారి లేవనే లేదన్నారు. ఈసారి రెండు గంటలు గడిచాక లేవండి. బయటికి వచ్చి నీళ్ళు తాగి, రెండు ఖర్జూరాలో అరటిపండో తిని, ముఖం కడుక్కుని వెళ్ళడానికి పది నిమిషాలు చాలు. వెనక్కి వెళ్ళి జవాబు మార్చుకునే వీలులేని పరీక్ష అది, అలసిన కళ్ళతో పెట్టిన జవాబు అలాగే ఉండిపోతుంది.

దేవునికి ఇచ్చుకున్న ఆ మాట గురించి కూడా చెప్పాలి. ఈసారి తప్పితే శాశ్వతంగా మానేస్తానన్నారు. ఒక్క రోజు మీ ఒంట్లో చక్కెర ఎంత ఉంది, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు అనేవి కూడా తేల్చేసే ఫలితాన్ని, మీ జీవితం మీద దేవుని తీర్పుగా ముందే రాసిపెట్టుకున్నారు. ఆ భారంతో కూర్చుంటే ప్రతి కష్టమైన ప్రశ్నా తీర్పులాగే కనిపిస్తుంది. ఆ పరీక్షలో బాగా చేస్తున్నవారికే ప్రశ్నలు కష్టమవుతూ పోతాయి కూడా. మానేయాలా కొనసాగాలా అన్నది పనితీరు నివేదిక, డబ్బు, మీ ఇష్టం చూసి తీరికగా తేల్చుకోవలసిన విషయం. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం మీకు భయమైతే, మీ పాస్టరుగారితో ఒంటరిగా మాట్లాడండి. ఆ పెద్దావిడ మాటను ఆయన ముందు పెట్టి, మీరూ అలాగే అనుకుంటున్నారా అని నేరుగా అడగండి. ఆయన అవునంటే కనీసం మరో పెద్దను అడిగే హక్కు మీకుంది. ఆమెతో వాదించనక్కరలేదు, "నా కోసం ప్రార్థన చేయండి ఆంటీ" అని ఆపేయవచ్చు.

రెండు నెలలుగా పొద్దున లేవాలనిపించడం లేదని, కారణం లేకుండా ఏడుపొస్తోందని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. దాన్ని నేను చిన్న విషయంగా తీసుకోవడం లేదు. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ మీకు దూరం కాదు, మడివాళ నుంచి అటువైపు బస్సులు ఉంటాయి. అక్కడికి వెళ్ళడానికీ ప్రార్థనకూ పోటీ లేదు. మీ ఐసీయూలో వెంటిలేటరు మీదున్న మనిషి కోసం బయట కుటుంబం ప్రార్థిస్తుంటే, లోపల మీరు మందు ఎక్కిస్తూనే ఉంటారు కదా.

ఈ వారంలో చేయవలసినవి మూడే. పనితీరు నివేదిక తెరవడం, సూపరింటెండెంటుకు రోస్టరు గురించి దరఖాస్తు ఇవ్వడం, అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నాన్నగారికి చెప్పడం. పరీక్ష తేదీ అప్పుడే తీసుకోకండి. వరుసగా మూడు వారాలు ఏడు గంటల నిద్ర కుదిరాక, సంరక్షణ నిర్వహణ ప్రశ్నల్లో మీ అంకెలు పెరగడం కనబడ్డాక తీసుకోండి. చివరి నైట్ డ్యూటీకీ పరీక్షకూ మధ్య కనీసం పది రోజులు ఉండేలా చూసుకోండి. తేదీ తెలిశాక అమ్మగారికీ నాన్నగారికీ చెప్పండి, సంఘంలో ఈసారి ఫలితం వచ్చాకే చెబుదామని వాళ్ళను ముందే ఒప్పించండి.